అజంతా కుడ్యచిత్రాలు: లక్కపూత కింది రసాయన సాక్ష్యం

అజంతా చిత్రాల వర్ణచ్ఛాయ గోధుమరంగు వైపు మొగ్గుతుందన్న అభిప్రాయం మన కళావిమర్శలో తరచుగా కనిపిస్తుంది. ఆ ఛాయలో కొంత చిత్రకారునిది కాదు, పరిరక్షకులది. అజంతా ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగం. గులాం యజ్దానీ నేతృత్వంలోని నాటి పురావస్తుశాఖ ఇటలీ నుండి లొరెంజో చెకోని, ఓర్సినీలను రప్పించి 1920-22 మధ్య మరమ్మతులు చేయించింది. గోడను వదులుతున్న గారను వారు నిలబెట్టారు. ఆ మేలును తక్కువ చేయలేం. కాని చిత్రాలపై పూసిన లక్క క్రమంగా పసుపుబారి, మసిని, ధూళిని తనలో బంధించుకుంది. అంతకు ముందు ప్రతులు తీసినవారు పూసిన వార్నిష్ కూడా దాని కింద ఉంది.

ఈ పూతను తొలగించాలంటే కింద ఉన్నదేమిటో ముందు తెలియాలి. 1930లలో మద్రాసు మ్యూజియం రసాయనశాస్త్రవేత్త ఎస్. పరమశివన్ అజంతా చిత్రాలను పరీక్షించి, ఇవి తడిసున్నంపై వేసిన ఫ్రెస్కోలు కావని, ఆరిన తలంపై జిగురు కలిపిన రంగులతో వేసినవని నిర్ధారించాడు. ఇది పరిభాషకు సంబంధించిన వివాదం మాత్రమే కాదు. ఫ్రెస్కోలో రంగు సున్నంలోనే గట్టిపడుతుంది. ఇక్కడ దానిని పట్టి ఉంచేది జిగురు. అడుగున ఉన్నది పీచు, ఊక కలిపిన మట్టి. నీరు తగిలితే జిగురు కరుగుతుంది, మట్టి ఉబ్బుతుంది. తాజా లక్క స్పిరిట్‌లో సులభంగా కరుగుతుంది. ముదిరిన లక్క అంత తేలికగా కరగదు. ద్రావకం ఎంపికలో పొరపాటు జరిగితే మురికితోపాటు బొమ్మా పోతుంది.

ఆ జిగురు ఏది? సోమేశ్వరుని మానసోల్లాసం (12వ శతాబ్ది) గేదెచర్మాన్ని ఉడికించి చేసే వజ్రలేపాన్ని వర్ణిస్తుంది. సాహిత్య విద్యార్థులమైన మనకు అక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. కాని అజంతాలోని ప్రధాన చిత్రాలు ఆ గ్రంథానికి ఆరేడు శతాబ్దాల ముందువి. గ్రంథం ఒక సంభావ్యతను సూచించగలదు. గోడపై ఉన్నదానికి సాక్ష్యం పరారుణ వర్ణపటంలో వెతకాలి. ఆ పరీక్ష మాంసకృత్తు జిగురును, చెట్టు బంకను, లక్కను వేరుగా గుర్తించడానికి తోడ్పడుతుంది.

రంగుల విషయంలోనూ ఒకే పరికరం చాలదు. ఎక్స్‌రే ప్రతిదీప్తి మూలకాలను చూపుతుంది. ఇనుము కనిపిస్తే అది జేగురు కావచ్చు, పసుపుమన్ను కావచ్చు, ఆకుపచ్చ మన్ను కూడా కావచ్చు. రాజావర్తపు నీలంలో ముఖ్యమైనవి తేలిక మూలకాలు. చేతిలో ఇమిడే పరికరానికి అవి సరిగా అందవు. రామన్ వర్ణపటంలో మాత్రం ఆ నీలానికి కారణమైన గంధక అయాను 548 సెం.మీ⁻¹ సమీపంలో స్పష్టంగా పలుకుతుంది. అజంతాలో ఆ నీలం దొరకడం చిత్రకళకే కాక వాణిజ్య చరిత్రకూ ఆధారం. ఆ రాయికి ప్రసిద్ధమైన గనులు బదక్షాన్‌లో ఉన్నాయి.

పరారుణ ఛాయాచిత్రణ పసుపుబారిన పూత కింద దాగిన నల్లని రేఖలను బయటపెట్టగలదు. అయితే పైన పేరుకున్న మసీ కర్బనమే, కింద గీసిన రేఖా కర్బనమే అయినచోట ఈ పద్ధతి తడబడుతుంది. అటువంటి భాగాల్లో శుభ్రపరిచే పని అంగుళం అంగుళంగా, ప్రతి దశలోనూ పరీక్షిస్తూ సాగాలి. ఫలితం సందిగ్ధమైన చోట పూతను తాకకుండా వదిలేయడం కూడా పరిరక్షణలో భాగమే.