మాస్టర్ మదన్ ఎనిమిది పాటలు, లిపాటి పదమూడు వాల్ట్‌జ్‌లు

1938 డిసెంబరు 23న న్యూయార్క్ కార్నెగీ హాల్లో నల్లజాతి సంగీతానికి పెద్ద కచేరీ ఏర్పాటైంది. నిర్వాహకుడు జాన్ హామండ్ మిసిసిపీ నుంచి రాబర్ట్ జాన్సన్‌ను రప్పించాలనుకున్నాడు. అతను ఆగస్టులోనే, 27 ఏళ్లకే చనిపోయాడని తెలిసింది. హామండ్ ఏం చేశాడో తెలుసా? జాన్సన్ రికార్డులు రెండు అదే వేదిక మీద గ్రామఫోన్ పెట్టి వినిపించాడు. అంతకుముందు రెండేళ్లలో శాన్ ఆంటోనియో, డల్లాస్‌లలో పాడిన 29 పాటలే ఈ గిటారు కళాకారుడు వదిలివెళ్లిన ఆస్తి. ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్ లాంటి రాక్ గిటారు ఉద్దండులు వాటిని గురుపాఠంలా విన్నారు.

చిన్న వయసులో పోయిన కళాకారుల సంగతి వస్తే అందరం వయసు లెక్కపెడతాం. నాకైతే ముందు వచ్చే ప్రశ్న వేరు: రికార్డయింది ఎంత? మాస్టర్ మదన్ విషయంలో దానికి జవాబు ఎనిమిది. పంజాబ్‌లో పుట్టి సిమ్లాలో పెరిగిన ఈ పిల్లవాడు మూడు, మూడున్నరేళ్లకే సభలో పాడాడని చెబుతారు. 1942 జూన్‌లో కన్నుమూసేనాటికి పదిహేనేళ్లు నిండలేదు. పాదరసం పెట్టి చంపారన్న పుకారు దశాబ్దాలుగా తిరుగుతూనే ఉంది, రుజువు మాత్రం లేదు. పుకారు సంగతి పక్కనపెట్టి, సాగర్ నిజామీ రాసిన రెండు గజళ్లనూ ఒక్కసారి వినండి. లేత గొంతు, దానిలో ఏ పిల్లవాడికీ ఉండని నిదానం.

తమిళ నాటకరంగాన్ని ఏలిన ఎస్.జి. కిట్టప్ప 1933లో 27 ఏళ్లకే పోయాడు. త్యాగరాజస్వామి ‘ఎవరని’ కృతిని ఆయన పాడిన గ్రామఫోన్ రికార్డు కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు.

మన పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్ కథ వీళ్లందరికంటే ఎక్కువ చెప్పుకోవాలి. మాండొలిన్ మీద గమకం పలికించడం కష్టం. తీగ మీటగానే పుట్టిన నాదం అంతలోనే ఆరిపోతుంది, పైగా జంట తీగలు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు వేసుకున్నాడు. అప్పుడు నాదం నిలిచింది, స్వరాన్ని సాగదీసి ఊపడం కుదిరింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు అసలు మాండొలిన్ వాయించడమే రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగల మీద దించేవాడు. ఆ వాయిద్యంలో గొంతు వినిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ప్రపంచమంతా తిరిగాడు. కాలేయ మార్పిడి తర్వాతి సమస్యలతో 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశాడు. 45 ఏళ్లు కచేరీ విద్వాంసుడికి ఒక వయసా? అసలు పక్వం వచ్చేదే అప్పుడు.

అదే ఏడాది డిసెంబరులో సంగీత దర్శకుడు చక్రి 40 ఏళ్లకే పోయాడు. మరుసటి ఏప్రిల్‌లో ‘మనీ’, ‘గాయం’, ‘సిందూరం’ సినిమాలకు పాటలు కట్టిన శ్రీ పోయాడు. ఏడు నెలల్లో ముగ్గురు తెలుగువాళ్లు!

రుమేనియా పియానిస్టు డిను లిపాటిది లింఫ్ గ్రంథుల కేన్సర్. 1950 సెప్టెంబరు 16న ఫ్రాన్స్‌లోని బెజాన్‌సాన్‌లో డాక్టర్లు వద్దంటున్నా కచేరీకి కూర్చున్నాడు. షోపేన్ వాల్ట్‌జ్‌లు 14 వాయించాలి. పదమూడు పూర్తిచేశాడు, పద్నాలుగోదానికి ఓపిక చాలలేదు. డిసెంబరు 2న, 33 ఏళ్ల వయసులో మరణించాడు. ఆ కచేరీ రికార్డు దొరుకుతుంది. రోగి వాయిస్తున్నాడని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

జాజ్‌లో డబుల్ బేస్ అంటే వెనక నిలబడి తాళం పట్టే వాయిద్యం. దాన్ని పియానోతో సమానంగా మాట్లాడించినవాడు స్కాట్ లాఫారో. 1961 జూన్ 25 ఆదివారం న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో పియానిస్టు బిల్ ఎవాన్స్, డ్రమ్మర్ పాల్ మోషియన్‌లతో కలిసి వాయించాడు. పక్క బల్లల దగ్గర గ్లాసుల చప్పుడు, కబుర్లు కూడా ఆ రికార్డులో వినిపిస్తాయి. పదకొండో రోజున కారు ప్రమాదంలో లాఫారో పోయాడు, వయసు 25. ఎవాన్స్ కొన్ని నెలలు కచేరీలకే వెళ్లలేదు. ఆ రోజు సంగీతంతో మొదట వేసిన ఆల్బమ్ లాఫారో కట్టిన బాణీతో మొదలై, అతని బాణీతోనే ముగుస్తుంది.

గాయకుడు ఓటిస్ రెడింగ్ పేరు విన్నవాళ్లకు కూడా ‘బార్-కేస్’ బృందం గురించి అంతగా తెలియదు. మెంఫిస్ కుర్రాళ్లు, ఇరవై ఏళ్ల లోపువాళ్లే ఎక్కువ. ఓటిస్ వెనక వాయించేవారు. 1967 డిసెంబరు 10న విస్కాన్సిన్‌లోని మొనోనా సరస్సులో విమానం కూలి ఓటిస్‌తో పాటు బృందంలో నలుగురు పోయారు. ట్రంపెట్ వాయించే బెన్ కాలీ సీటు దిండు పట్టుకుని నీళ్లమీద తేలి బతికాడు. బేస్ గిటారిస్టు జేమ్స్ అలెగ్జాండర్‌కు ఆ విమానంలో చోటు లేక వేరే విమానం ఎక్కాడు. ఇద్దరూ కలిసి బృందాన్ని మళ్లీ నిలబెట్టారు. మూడు రోజుల ముందు ఓటిస్ పూర్తిచేసిన ‘డాక్ ఆఫ్ ద బే’ మరుసటి ఏడాది అమెరికాలో నంబర్ వన్ అయింది. గాయకుడు పోయాక ఆ స్థానానికి చేరిన మొదటి పాట అదే.

అన్నిటికంటే నన్ను కలచివేసేది కంబోడియా. 1960లలో నామ్‌పెన్‌లో గిటారు బృందాలు హోరెత్తించాయి. సిన్ సీసమౌత్, రోస్ సెరెయ్ సొథియా, పాన్ రాన్ పాటలు రేడియోలో మోగని రోజు లేదు. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టు సేన నగరంలోకి దిగి జనాన్ని పల్లెలకు తరిమింది. ఆ ముగ్గురూ తిరిగి రాలేదు. 1990లలో ఒక అమెరికన్ పర్యాటకుడు అక్కడ కొన్న క్యాసెట్ల నుంచి 1996లో ‘కంబోడియన్ రాక్స్’ ఆల్బమ్ వచ్చింది. దాని మీద పాటల పేర్లు లేవు, పాడినవాళ్ల పేర్లూ లేవు. ఆ గొంతులను గుర్తుపట్టి పేర్లు చేర్చింది తర్వాత విన్న శ్రోతలే.