చర్మ రక్షణపొర – ఎగ్జిమా తీవ్రత

తెలుగు వాడుకలో 'తామర' అనే పేరు శిలీంధ్రం వల్ల కలిగే అంటువ్యాధికీ, అంటుకోని ఎగ్జిమాకూ చెల్లుతున్నది. పేరు ఒకటైనా చికిత్సలు వేరు. ఎగ్జిమాలో ప్రధాన రూపమైన అటోపిక్ డెర్మటైటిస్‌ను అర్థం చేసుకోవడానికి చర్మ రక్షణపొర కీలకం.

చర్మపు పైపొరను శాస్త్రజ్ఞులు ఇటుక గోడతో పోలుస్తారు. మృతకణాలు ఇటుకలు, సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు వాటి నడుమ అడుసు. ఈ గోడ లోపలి తేమను నిలుపుతుంది, బయటి సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. ఇటుకలకు పటుత్వాన్నిచ్చే ప్రోటీన్ ఫిలాగ్రిన్. దాని జన్యులోపాలు ఎగ్జిమాకు బలంగా దోహదం చేస్తాయని 2006లో డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు వెల్లడించారు.

అయితే ఆ లోపం ఉన్నవారందరికీ వ్యాధి రాదు. వ్యాధిగ్రస్తులందరిలో ఆ లోపం ఉండదు. వ్యాధిలో అధికమయ్యే ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే సంకేత ప్రోటీన్లు కూడా ఫిలాగ్రిన్‌ను తగ్గిస్తాయి. అంటే గోడ బలహీనత వల్ల వాపు, వాపు వల్ల గోడ బలహీనత పెరుగుతాయి. గోకుడు రెంటినీ ఉద్ధృతం చేస్తుంది.

వ్యాధి తీవ్రతను కొలిచే 'ఈజీ' సూచిక ఎరుపు, ఉబ్బు, గోకుడు గాట్లు, చర్మం మందమెక్కడం, వ్యాధి సోకిన వైశాల్యం ఆధారంగా 0 నుండి 72 వరకు అంకెనిస్తుంది. గోడ స్థితిని మాత్రం చర్మం నుండి ఆవిరయ్యే నీటిని బట్టి అంచనా వేస్తారు. సాధారణంగా తీవ్రత హెచ్చిన కొద్దీ ఈ నీటి నష్టమూ హెచ్చుతుంది. రోగులలో దద్దు కనిపించని చోట సైతం అది ఆరోగ్యవంతుల కంటె ఎక్కువగా ఉండవచ్చు. కనుక దద్దు మానినంత మాత్రాన గోడ బాగుపడినట్లు కాదు. తేమనిచ్చే లేపనాన్ని ఆ తరువాత కూడా కొనసాగించమని వైద్యులు చెప్పడంలోని ఆంతర్యం ఇదే.