ఒడిలోని కొలిమి

1981లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఆస్‌బోర్న్ 1 కంప్యూటరు చేత పట్టుకొని పోదగినదని పేరు గాంచినది గాని, కుట్టుమిషను పెట్టెను బోలి దాదాపు 11 కిలోలు తూగు ఆ యంత్రమును మోయుట వట్టి భుజబలపరీక్ష. పుస్తకమువలె మడుచు రూపమునకు ప్రసిద్ధి తెచ్చినది మరుసటి సంవత్సరమున వెలువడిన గ్రిడ్ కంపాస్. దాని రూపకర్త బిల్ మోగ్రిడ్జ్ అను ఆంగ్లేయుడు.

తేలికయు దార్ఢ్యమును గల మెగ్నీషియము కవచము ఆ యంత్రమును దెబ్బలనుండి కాచుచు, లోపలి వేడిని వెలుపలి గాలికి అందించుచుండెను. ఫ్యానుతో పని లేకపోయెను. 1983లో కొలంబియా నౌకలో అంతరిక్షమునకు గొనిపోవలసివచ్చినపుడు మాత్రము చిక్కు ఎదురయ్యెను. వంటింట పొయ్యిమీది ఆవిరి పైకి పోవుట, వేడెక్కిన గాలి తేలికయై లేవగా బరువైన చల్లగాలి దాని చోటికి చేరుటవలననే గదా. బరువన్నదే అనుభవమునకు రాని కక్ష్యలో క్రిందుమీదుల భేదము లేనందున, వేడిగాలి యంత్రమును విడువక దుప్పటివలె క్రమ్ముకొనును. కావున నాసా వారు దానికి ఫ్యానును అమర్పించిరి.

నేటి ల్యాప్‌టాప్‌లలో ఫ్యానుకు తోడుగా నున్నది, 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవర్ రూపొందించిన ఉష్ణనాళపు సంతతి. చదును చేసిన ఆ రాగిగొట్టములో గాలిని తీసివేసి కొలదిపాటి నీరుంచి మూసివేయుదురు. పీడనము మిక్కిలి తక్కువగుటచే ఆ నీరు 100 డిగ్రీల దాకా ఆగక, ప్రాసెసరు నంటియున్న కొనయందే ఆవిరియై, ఫ్యాను ప్రక్కనున్న చల్లని కొనకు పరుగెత్తి, అచట వేడిని విడిచి మరల నీరై, లోగోడనున్న రాగిపొడి పూతగుండ, వత్తి నూనెను పీల్చినట్లు, మొదటి చోటికే చేరును. కదలు భాగ మొక్కటియు లేని ఈ రాకపోకలు నాకెప్పుడును ముచ్చట గొలుపును.

ఇంత యేర్పాటును ఒక మెత్తని దిండు వ్యర్థము చేయగలదు. సంచి మరింత ఘోరము. విజయవాడనుండి సికింద్రాబాదుకు పోవుచు, రైలు వచ్చు తొందరలో మూత మూసి, సంచిలో త్రోసి, జిప్పు లాగితిని. యంత్రము నిదురించినదనుకొంటిని గాని, అది లోలోన పని సాగించుచునే యుండెను. ఖమ్మము దాటిన పిదప సంచిని తాకగా, అప్పుడే దింపిన ఇడ్లీపళ్లెము మీది తడిగుడ్డవలె వెచ్చగా తగిలినది. లోపల ఫ్యాను ఎంత తిరిగినను తాను వెడలగొట్టిన వేడినే మరల పీల్చుకొనవలెను. ఆ వేడిమి లిథియం బ్యాటరీ ఆయుస్సును హరించును. పాత హార్డ్‌డిస్కు గలదైనచో, తిరుగుచున్న పళ్లెముపై వెండ్రుకకన్న సన్నని యెడముతో తేలు తలకు ఒక్క కుదుపు చాలును. ఇప్పుడు షట్‌డౌన్ పూర్తియైనదని చూచుకొనిన పిమ్మటనే సంచి తెరచుచున్నాను.

ఊరు చేరి మరమ్మతు చేయువాని కడకు పోతిని. అతడు అడుగుమూత విప్పి, ఫ్యాను రెక్కను పంటిపుల్లతో కదలకుండ ఆపి, బ్లోయరు పెట్టగా, గొట్టపు కొననున్న రేకుల నడుమనుండి బూడిదవన్నె ధూళి చిన్న కంబళిముక్కవలె ఊడివచ్చినది. మా మంచముమీది దుప్పటి నూలు దానిలో స్పష్టముగా కనబడెను.