వార్తల్లో పదం: మెటబాలిక్ ఇంజినీరింగ్

ఏలూరు పెరళ్లలో, తాడేపల్లిగూడెం రోడ్ల పక్కన ఎవరూ నీళ్లు పోయకపోయినా పూసే బిళ్ల గన్నేరు ఆకుల్లో రెండు క్యాన్సర్ మందులున్నాయి: విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. రెండోది పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో కీలకం. చిక్కల్లా పరిమాణంతోనే. 1 గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకులు కావాలి, విన్‌క్రిస్టిన్‌కైతే 2,000 కిలోలు.

ఇంత తక్కువెందుకు? విన్‌బ్లాస్టిన్ రెండు పదార్థాల కలయిక. వాటిలో కాథరాంథిన్ ఆకు పైపొర మైనంలో చేరుతుంది, విండోలిన్ లోపలి కణాల్లో ఉండిపోతుంది. ఒకే ఆకులో ఉన్నా రెండూ కలిసేది అరుదు. పైగా తయారీ పదుల మెట్లలో సాగుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైమ్, దాని వెనుక ఒక జన్యువు. ఏ మెట్టు దగ్గర పని నెమ్మదిస్తోందో కనిపెట్టి, ఆ జన్యువు జోరు పెంచడం వంటి మార్పులు చేయడమే మెటబాలిక్ ఇంజినీరింగ్. కాలవలో ఇరుకు తూమును వెడల్పు చేసినట్టు. ఒకటి వెడల్పు చేస్తే అడ్డు తర్వాతి తూముకు మారుతుంది, అదే అసలు కష్టం.

1992లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక్క జన్యువు చేర్చి బెల్లడోనా మొక్కలో స్కోపోలమిన్ అనే మందు పదార్థాన్ని పెంచారు. బిళ్ల గన్నేరు అంత తేలిగ్గా లొంగలేదు. 2022లో దాని జన్యువులను ఈస్ట్‌లో పెట్టి కాథరాంథిన్, విండోలిన్ రెండింటినీ తీసి, తర్వాత రసాయనికంగా కలిపి విన్‌బ్లాస్టిన్ చేశారు.

రక్త క్యాన్సర్ మందులకు దారి వేసిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది ఇక్కడి భీమవరంలోనే. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఈ పరిశోధన ఇక్కడా బలంగా సాగాలి.