ప్రసారశాలలో సంజ్ఞ నిచ్చువారు

"అంతరాయమునకు చింతిస్తున్నాము" అను పలక దూరదర్శనపు తెరమీద కనబడిన దినములు మన సోదరీమణులలో ననేకులకు జ్ఞప్తియందుండును. ఆదివారము సాయంకాలము ఇరుగుపొరుగువా రందఱును ఒక యింటి చావడిలో చేరి సినిమా చూచుచుండగా, కథ మంచిపట్టున నున్నపుడే బొమ్మ మాయమై యా పలక ప్రత్యక్షమయ్యెడిది. పిల్లలు మేడయెక్కి యాంటెన్నాను త్రిప్పెడివారు. పెద్దలు ప్రసారశాలవారిని నాలుగు మాటలనెడివారు. అయితే ఆ పలకను తెరమీదికి తెచ్చిన చేయి యెవరిది, అది యే గదిలోనుండి వచ్చినది అని ఆరసినవారు మాత్రము తక్కువ.

ఆ గదిని మాస్టరు కంట్రోలు అందురు. తెలుగున ప్రధాన నియంత్రణశాల యనవచ్చును గాని, అందు పనిచేయువా రెవ్వరును దాని నట్లు పిలువరు. రేడియో కేంద్రమైనను, టెలివిజను కేంద్రమైనను, అక్కడ సిద్ధమైన దంతయు ఈ గది గడప దాటియే లోకములోనికి పోవలెను. వార్తలు చదువు స్టూడియో యొకటి, సంగీతము పాడు స్టూడియో యొకటి, ముందుగా రికార్డుచేసి యుంచినవి కొన్ని, ఊరి వెలుపలి సభనుండి తీగమీద వచ్చునవి కొన్ని, ఉపగ్రహముద్వారా దూరదేశములనుండి దిగునవి కొన్ని. ఇవి యన్నియు ఏకకాలమున ఆ గదికి వచ్చి చేరుచుండును. వానిలో ఈ క్షణమున ప్రజలకు పోవలసినది యేది యని నిర్ణయించి, దానిని మాత్రము ట్రాన్సుమీటరునకు పంపుట యచ్చటివారి పని.

వారి యెదుట నుండు తెరలలో మూడింటిని తెలిసికొన్న చాలును. ఒకదానిమీద ఇప్పుడు పోవుచున్నది కనబడును. రెండవదానిమీద తరువాత పోవలసినది సిద్ధముగా నిలిచియుండును. మూడవది మన యింటి పెట్టెవంటిదే. కేంద్రమునుండి వెలువడి గాలిలో ప్రయాణముచేసినదానిని తిరిగి పట్టి చూపును. మనము పంపితి మనుకొన్నదియు, జనులకు చేరినదియు ఒక్కటే యని ముందుగా నమ్మరాదు. అందుచేతనే యీ మూడవ తెర. దాని నశ్రద్ధచేసినవాడు ఆ గదిలో పనికిరాడని నా తలంపు.

ఇక కాలపట్టిక. మనము పత్రికలలో చూచు కార్యక్రమసూచిక దీనియెదుట బాలశిక్షవంటిది. ఇందు గంట, నిమిషము, సెకండు మాత్రమే గాక, సెకండునకు 25 బొమ్మల చొప్పున పోవు మన టెలివిజనులో ఆ సెకండునందలి యెన్నవ బొమ్మవద్ద మార్పు జరుగవలెనో కూడ వ్రాయబడియుండును. ప్రతి ప్రకటనయు ఏ వేళకు పోయినదో లెక్కయుండవలెను, ఏలయన దానికి సొమ్ము చెల్లించినవారు అడుగుదురు. రేడియోలో నైనను ఇంతే. మన తెలుగు వార్తలు పెక్కేండ్లు ఢిల్లీలో చదువబడుచుండగా విజయవాడ, హైదరాబాదు కేంద్రములు వానిని రిలే చేసెడివి. ఢిల్లీవారు మనకొఱకు ఆగరు. కావుననే పాట కడపటి చరణము పాడుచుండగనే కంఠము మెల్లమెల్లగ తగ్గిపోయి, వార్తలు చదువువారి మాట వినవచ్చెడిది. "అయ్యో, చరణము పూర్తి కానీయరాదా!" యని మనము నొచ్చుకొన్నప్పుడు, ఆ మీటను తగ్గించినవాని కన్ను గడియారమునందలి సెకండ్ల ముల్లుమీద నుండెడిది.

ఇదంతయు యంత్రముల సంగతి. యంత్రములు నేర్వవచ్చును. అంతకంటె కష్టమైన దింకొకటి కలదు. మన పెండ్లిపందిరిలో గట్టిమేళము సంగతి తలచుకొనుడు. మంగళసూత్రధారణవేళ పురోహితుడు చేయెత్తును, పందిరి యంచుననున్న పెద్దమనిషి యా చేతిని చూచి మేళగాండ్రకు సంజ్ఞ చేయును, డోలు మ్రోగును. మేళగాండ్రు నిపుణులే, పురోహితుడు పండితుడే. నడుమ నిలుచున్నవానికి పురోహితుని చేయి కనబడకుండ చుట్టములు అడ్డము నిలిచినయెడల ఏమగును? మాస్టరు కంట్రోలు నిర్వహణమందలి మర్మమంతయు ఈ ప్రశ్నయందే యున్నదని నే ననుకొందును. అమెరికాలో 1968 సంవత్సరమున జరిగిన యొక యుదంతము దీనిని చక్కగా బోధించును గావున వివరముగా చెప్పుచున్నాను.

ఆ సంవత్సరము నవంబరు 17వ తేది ఆదివారము. ఎన్.బి.సి. యను టెలివిజను సంస్థవారు ఓక్లాండు నగరమునుండి ఒక ఫుట్‌బాలు పందెమును ప్రసారము చేయుచుండిరి. ఇది మన పిల్లలు ఆడు ఫుట్‌బాలు కాదు. కాలితోకంటె చేతులతో నెక్కువగా నాడు ఆట. పేరెందుల కట్లు పెట్టిరో వారికే తెలియవలెను. న్యూయార్కు జెట్సు, ఓక్లాండు రైడర్సు అను రెండు జట్లు తలపడినవి. న్యూయార్కు కాలమానమున సాయంకాలము 4 గంటలకు ఆట మొదలు, 7 గంటలకు "హైదీ" యను చలనచిత్రము. యోహన్నా స్పీరి యను స్విట్జర్లాండు రచయిత్రి పందొమ్మిదవ శతాబ్దమున పిల్లలకై వ్రాసిన నవల దానికి మూలము. తల్లిదండ్రులులేని బాలిక యొకతె ఆల్ప్సు పర్వతములమీద తాతగారితో నివసించు కథ యది. దేశమంతట తల్లులు బిడ్డలను ముస్తాబుచేసి తెరయెదుట కూర్చుండబెట్టుకొనియుండిరి. చిత్రమునకు ధనమిచ్చినది గడియారముల కంపెనీ. సరిగా ఏడు గంటలకు ప్రారంభింపవలె నను పట్టుదల వారికంటె నెవరికుండును!

న్యూయార్కులో నియంత్రణశాలకు ఆనాటి యధికారి డిక్ క్లైన్. "ఏమైనను ఏడుగంటలకు హైదీ మొదలు కావలసినదే" యని ఆయనకు ముందుగనే యాజ్ఞ యుండెను. ఆ యాటలో దెబ్బలు, తప్పులు, నిలుపుదలలు మెండై కాలము సాగిపోయినది. ఏడు సమీపించినను ఆట ముగియలేదు. తమతమ యిండ్లలో కూర్చుండి చూచుచున్న సంస్థ పెద్దలు పరస్పరము మాటలాడుకొని, ఆట ముగిసినపిమ్మటనే హైదీని ప్రారంభింపవలెనని మనసు మార్చుకొనిరి. మంచి నిర్ణయమే. ఆ మాటను క్లైనునకు చెప్పుటకై టెలిఫోను ఎత్తిరి.

లైను దొరకలేదు. ఏలయన, ఆ గడియలోనే వేలకొలది జనులు ఎన్.బి.సి.కి ఫోను చేయుచుండిరి. "ఆట నాపకుడు" అని కొందఱు, "హైదీ వేళకు వచ్చునా?" అని కొందఱు. ఆ తాకిడికి స్విచ్చిబోర్డు పూర్తిగా స్తంభించిపోయెను. పెద్దలు ఎంత ప్రయత్నించినను తమ నియంత్రణశాలను తామే పిలువలేకపోయిరి. క్లైను ఫోను మ్రోగునేమో యని కాచుకొనియుండెను. మ్రోగలేదు. ఆయన చేతిలో నున్నది పాత యాజ్ఞ యొక్కటే. ఏడు కొట్టినది. ఆయన సంజ్ఞ చేసెను. దేశపు తూర్పుభాగమున ఆట మాయమై ఆల్ప్సు పర్వతములు కనబడినవి.

అప్పటికి జెట్సు 32, రైడర్సు 29. ఆటలో మిగిలినది ఒక్క నిమిషము చిల్లర. జెట్సు గెలిచినట్లే యని తెరయెదుటివారు తలంచిరి. ఇంతలో నేమి జరిగినదనుకొన్నారు? రైడర్సు 9 సెకండ్ల యెడములో రెండుమారులు గెలుపుగీతను దాటి, 43–32గా పందెము గెలిచిరి! అంతటి విపరీతమును ఆటస్థలమందున్నవారును, పశ్చిమభాగమున చూచుచున్నవారును కనిరి. న్యూయార్కువారు మాత్రము తమ జట్టు ఓటమిని చూడ నోచుకొనలేదు. కొంతసేపటికి ఎన్.బి.సి.వారు తుదిఫలితమును హైదీ చిత్రముమీదనే అక్షరములతో నడపిరి. అది యెప్పుడు? నడవలేని క్లారా యను పిల్ల కుర్చీ విడిచి తొలి యడుగులు వేయు ఘట్టమున. కంట తడిపెట్టుకొని చూచుచున్న తల్లులకు దానితో కోపము వచ్చినది. ఆటప్రియులకు కోపము, తల్లులకు కోపము. సంస్థాధ్యక్షుడు జూలియన్ గుడ్‌మన్ ఆ రాత్రియే క్షమాపణ ప్రకటించెను.

ఇందు తప్పెవరిది? చాలమంది క్లైనును నిందించిరి. నా కది న్యాయముగా తోచదు. ముందటి యాజ్ఞ యున్నది. దానిని రద్దుచేయు మాట చెవిని పడలేదు. ఆట రసవత్తరముగా నున్నదని తన యిచ్ఛ వచ్చినట్లు కాలపట్టికను మార్చు నధికారము ఆయనకు లేదు. అట్టి స్వేచ్ఛ అందఱకు నిచ్చినచో ఏ కార్యక్రమమును వేళకు రాదు. పెద్దలదియు దురుద్దేశము కాదు. తప్పు నడుమనున్న త్రోవది. ఊరివారందఱకును తెరచియున్న ఫోనే పెద్దలకును గతి యగుట వింతగాదా? రద్దీ లేనిదినమున అది చక్కగా పనిచేసెను. పని పడిన దినముననే మూసికొనిపోయెను. పిమ్మట ఎన్.బి.సి.వారు నియంత్రణశాలకు వేఱొక ఎక్స్ఛేంజినుండి ప్రత్యేకమైన టెలిఫోను వేయించిరి. దానికి "హైదీ ఫోను" అను పేరు నిలిచినది. పందెములను తుదవరకు చూపవలెనను నిబంధనయు ఫుట్‌బాలు సంఘమువారి ఒప్పందములలో చేరినది.

సంజ్ఞ యందని వేళ యేమి చేయవలెనో ముందే నిశ్చయించుకొనుట యొక విద్య. ఆ విద్యను ఒక యువతి యెట్లు నెఱపినదో వినుడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనులో పురుషులు సైన్యమునకు పోగా బి.బి.సి.వారు సాంకేతికమైన పనులలో స్త్రీలను చేర్చుకొనిరి. అట్లు చేరినవారిలో డాఫ్నీ ఓరమ్ ఇరువదేండ్లైన నిండని పిల్ల. రాయల్ ఆల్బర్టు హాలులో సంగీతసభ జరుగుచుండగా, అదే సంగీతముయొక్క రికార్డును తెరవెనుక సభతో సమానముగా నడుపుచుండుట ఆమె పనులలో నొకటి. బాంబు పడి సభ యాగినచో, రేడియోలో మాత్రము సంగీత మాగకుండ రికార్డునకు మారవలెను. సభ సాగినంతకాలము ఆమె శ్రమ యెవరికిని వినబడదు. వినబడకుండుటే శుభము. 1958లో బి.బి.సి.వారి ధ్వనిప్రయోగశాలను స్థాపించినవారిలో ఆమె యొకతె యయ్యెను.

ఇప్పటి కేంద్రములలో మీటలు త్రిప్పు పని చాలవఱకు కంప్యూటర్లు చేయుచున్నవి. కాలపట్టికను యంత్రమే చదువుకొని, కార్యక్రమములను వరుసగా పంపును. ఒక్క మనిషి పలు ఛానళ్లను చూచుకొను గదులున్నవి. ఒక నగరమున కూర్చుండి వేఱొక నగరపు ఛానలును నడుపుటయు కలదు. శబ్దము నిలిచినను, తెర నల్లబడినను, బొమ్మ కదలక నిలిచినను గంట కొట్టు యంత్రములు వచ్చినవి. మేలే. అయితే తప్పుడు బొమ్మ చక్కగా కదలుచు, చక్కగా మాటలాడుచున్నపుడు ఆ యంత్రము గంట కొట్టదు. మనుష్యుడే చూడవలెను. 1987 నవంబరు 22వ తేది రాత్రి షికాగో నగరమున ముసుగు దాల్చిన యొకడు రెండు టెలివిజను కేంద్రముల ప్రసారములలో దొంగతనముగా చొరబడెను. మొదటి కేంద్రమున ఇంజనీర్లు కనిపెట్టి, ట్రాన్సుమీటరునకు బొమ్మను పంపు తరంగమును మార్చి అర నిమిషములోపలనే వానిని వెడలగొట్టిరి. రెండవదానికి ట్రాన్సుమీటరున్న మేడమీద ఆ వేళ పనివా రెవ్వరును లేరు. అక్కడ ఒకటిన్నర నిమిషము వాని యిష్టారాజ్యము సాగినది. వా డెవడో నేటికిని తెలియదు.

కావున ఈ గదిని నిర్వహించువారు మనుష్యులను పాళీలుగా కాపుంచుట మానరాదు. ఒక పాళీ దిగి మఱొక పాళీ యెక్కువేళ పుస్తకము చదివి యప్పగింపవలెను. ఏ యంత్రము మొరాయించినది, ఏ నిమిషమున ధ్వని తగ్గినది, ఏ కార్యక్రమము నింకను అందలేదు అనునవి మాత్రమే వ్రాసిన చాలదు. కాలపట్టికను మార్చుమని యెవరు చెప్పిరి, ఏ వేళకు చెప్పిరి, నోటిమాటగా చెప్పిరా వ్రాసి పంపిరా అనునదియు పేరుతో నుండవలెను. ఏ యధికారి మాటకు పట్టిక మారును, ఆయన దొరకనిచో తరువాత నెవరు, ఎవరును దొరకనిచో ఏమి చేయవలెను అను మూడు పంక్తులు గోడమీద కనబడుచుండవలెను.

తెల్లవారుజామున రాత్రి పాళీవారు లేచి కుర్చీ విడుతురు. కొత్తగా వచ్చిన యామె సంచి బల్లక్రింద పెట్టి, పుస్తకమున సంతకము చేయును. గోడ గడియారమును, యంత్రము చూపు వేళను సరిపోల్చుకొనును. మూడవ తెరవంక ఒకమారు చూచును. పిమ్మట, ఊరివారి కెవరికిని నంబరు తెలియని ఆ ప్రత్యేకపు టెలిఫోను నెత్తి, చెవికానించి, లైను మ్రోగుచున్నదని నిశ్చయము చేసికొని, మరల దాని స్థానమున పెట్టును.