గొంతులో తిష్ఠ వేసే వైరస్‌లు

ఆరోగ్యంగా తిరిగే మనిషి నోట్లో, టాన్సిల్స్‌లో ఏదో ఒక వైరస్ ఉండడం వింత కాదు, ఏ వైరస్ జాడా లేని గొంతు దొరకడమే కష్టం. కర్నూలు జిల్లా హొళగుంద పొలాల్లో పనిచేసే కూలీకైనా, ఆదోని పత్తి మార్కెట్లో లెక్కలు రాసే గుమాస్తాకైనా ఈ మాట సమానంగా వర్తిస్తుంది. వైరస్ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదన్న సంగతి తెలియకపోవడం వల్లనే గొంతు నొప్పికి అక్కరలేని సూదిమందులూ యాంటీబయాటిక్‌లూ వాడుతున్నారు.

కొండనాలుకకు ఇరువైపులా కనిపించే టాన్సిల్స్ రోగనిరోధక కణాలతో నిండిన కణజాల ముద్దలు. ఒక్కొక్క దానిలో సుమారు 10 నుంచి 20 దాకా సన్నని, లోతైన గుంటలు ఉంటాయి. వాటి అడుగున పైపొర పలచబడి, నోటి ద్వారా వచ్చే ప్రతి క్రిమినీ లోపలి కణాలు పరీక్షించడానికి వీలు కల్పిస్తుంది. కాపలా కోసం ఏర్పడిన ఆ సందులే కొన్ని వైరస్‌లకు ప్రవేశద్వారాలుగా, ఏళ్ల తరబడి దాగే చోట్లుగా మారాయి.

ఈ సంగతి బయటపడింది 1953లో. అమెరికాలో వాలెస్ రో బృందం, పిల్లల ముక్కు వెనుక నుంచి శస్త్రచికిత్సతో తీసిన ఎడినాయిడ్ కణజాలాన్ని గాజు పాత్రల్లో పెంచుతుండగా, బయటి నుంచి ఏ క్రిమినీ చేర్చకుండానే కొన్ని వారాలకు కణాలు వాటంతటవే క్షీణించాయి. అంతకాలమూ నిద్రాణంగా ఉన్న వైరస్ మేల్కొనడమే అందుకు కారణమని తేలింది. దానికి ఎడినోవైరస్ అని పేరు పెట్టారు. 2012లో బ్రెజిల్ పరిశోధకులు టాన్సిల్స్, ఎడినాయిడ్‌ల దీర్ఘకాల వ్యాధి ఉన్న 121 మంది పిల్లలను పరీక్షించగా 97.5 శాతం మందిలో కనీసం ఒక శ్వాసకోశ వైరస్ కనిపించింది. అయితే వారంతా శస్త్రచికిత్సకు వచ్చిన పిల్లలు. పైగా ఇలాంటి పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్ని పట్టుకుంటుందే తప్ప, అప్పటి బాధకు అదే కారణమని చెప్పలేదు.

హెర్పిస్ కుటుంబానిది మరీ దీర్ఘకాలపు కాపురం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రపంచంలోని పెద్దవారిలో 90 శాతానికి పైగా సోకి, టాన్సిల్స్‌లోని బి-కణాలనే రోగనిరోధక కణాల్లో జీవితాంతం నిలిచి, అప్పుడప్పుడు లాలాజలంలోకి వస్తుంది. జ్వరం వచ్చినప్పుడు పెదవి అంచున గుంపుగా నీటిపొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్ ఒకటవ రకం, 50 ఏళ్లలోపు వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తల్లి రుచి చూసి బిడ్డకు పెట్టే ముద్ద, పొలంలో నలుగురూ పంచుకునే ఒకే గ్లాసు, చేతులు మారే బీడీ లాలాజలాన్ని ఒకరి నుంచి మరొకరికి చేరుస్తాయి. చిన్ననాటనే ఎప్‌స్టీన్-బార్ సోకిన పిల్లల్లో చాలామందికి అది సోకినట్టే తెలియదు. యౌవనంలో తొలిసారి సోకితే మాత్రం తీవ్రమైన గొంతు వాపు, మెడలో గడ్డలు, వారాల నీరసం రావచ్చు.

ఇక్కడే వైద్యంలో పొరపాటు జరుగుతోంది. టాన్సిల్స్ మీద తెల్లని పూత కనిపించగానే బ్యాక్టీరియా అని తేల్చడం సరికాదు, ఎందుకంటే ఎడినోవైరస్, ఎప్‌స్టీన్-బార్ కూడా అలాంటి పూతే పూయిస్తాయి. ఎప్‌స్టీన్-బార్ జ్వరంలో అమాక్సిసిలిన్ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు లేవవచ్చు. గొంతు నొప్పితో వచ్చే పిల్లల్లో 20 నుంచి 30 శాతం మందికి మాత్రమే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా కారణం. వారికి యాంటీబయాటిక్ తప్పక కావాలి, లేకుంటే కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడే ప్రమాదం ఉంది. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా, కంఠసర్పి వ్యాధిలోలా గొంతులో బూడిదరంగు పొర కనిపించినా ఊళ్లో సూదితో కాలక్షేపం చేయక వెంటనే పెద్దాసుపత్రికి చేరాలి.

హొళగుంద వంటి పశ్చిమ మండలాల నుంచి సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లే కుటుంబాలకు నోటి, గొంతు వైరస్‌ల ముప్పు ఇంకా ఎక్కువ. గుడారాల్లో కిక్కిరిసి ఉండే పిల్లలకు టీకా గడువులు దాటిపోతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టులో మొదలైన ప్రత్యేక కార్యక్రమం తట్టు, రుబెల్లాలకు టీకా వేసింది గాని, లాలాజల గ్రంథులను ఉబ్బించే గవదబిళ్లల టీకా అందులో లేదు. తట్టు సోకిన బిడ్డకు ఒంటి మీద దద్దుర్లు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే బుగ్గల లోపల ఉప్పు రవ్వల్లాంటి తెల్లని చుక్కలు కనబడతాయి. అప్పటికే ఆ బిడ్డ దగ్గు పక్క గుడారం పిల్లలకు వైరస్‌ను చేరవేస్తూ ఉంటుంది.