టిక్కుమను చిన్న మీట - మైక్రోస్విచ్చి

వీడియో ఆటయంత్రపు బొత్తామును నొక్కినపుడు ‘టిక్కు’మను చప్పుడు వినవచ్చును. అది బొత్తాము చప్పుడు కాదు. దాని అడుగున అమర్చిన మైక్రోస్విచ్చి చప్పుడు. పక్కనున్న ఆటకర్ర కింద ఇట్టివి నాలుగుండును, దిక్కున కొకటి. కర్రను మూలకు వంచినపుడు రెండు స్విచ్చులు ఒక్కసారిగా పనిచేయును. మైక్రోవేవ్ పొయ్యి తలుపులోను ఇవే కలవు. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల వంటి కర్మాగారములలో, కదలు భాగము హద్దు చేరగనే యంత్రము నాపుటకును ఇవి తగినవే. చూపున కన్నియు నొక్కటే. అయినను ఒకచోటికి తగినది వేరొకచోటికి తగదు. ఏల?

మొదట దీని పనితీరు చూతము. తిరునాళ్లలో అమ్ము రేకు కప్పబొమ్మను మెల్లగా నొక్కినను, వంగిన రేకు ఒక హద్దు దాటగనే చటుక్కున ఎగిరిపడును. స్విచ్చిలోని వంపు స్ప్రింగు కూడ అట్లే గెంతును. వేలు ఎంత నిదానముగ కదలినను విద్యుద్వలయము తటాలున కలియును, తటాలున విడును. అందుచే నిప్పురవ్వ ఎక్కువసేపు నిలువదు. ఇట్టి స్విచ్చిని 1932లో అమెరికాలోని ఫ్రీపోర్టు పట్టణమున పీటర్ మెక్‌గాల్ రూపొందించెను.

ఇక భేదములు. మొదటిది నొక్కుటకు కావలసిన బలము. ఆట బొత్తామునకు కొద్దిపాటి బలమే చాలవలెను. లేనిచో వేలు అలసిపోవును. స్విచ్చిపై పొడవైన రేకుమీట నమర్చిన బలము తగ్గును, కాని కదలవలసిన దూరము పెరుగును. బలము సగమైనచో దూరము రెట్టింపగును. తరగతిలో చెప్పు లీవరు సూత్రమే ఇది.

రెండవది స్పర్శబిందువుల లోహము. ఇదియే ముఖ్యము. కోదాడలోనో సూర్యాపేటలోనో ఒక విద్యార్థి పాత పొయ్యినుండి తీసిన 16 ఆంపియర్ల స్విచ్చిని ఆట బొత్తాము కింద అమర్చె ననుకొనుడు. కొన్నాళ్లు చక్కగా పనిచేసి, పిదప అది అప్పుడప్పుడు పలుకకుండును. కాళ్ల పట్టీలు నల్లబడినట్లే, గాలిలోని గంధక సమ్మేళనములచే స్విచ్చిలోని వెండిపైన కూడ పొర ఏర్పడును. ఎక్కువ విద్యుత్తు పారుచోట చిన్న నిప్పురవ్వ ఆ పొరను కాల్చివేయును. ఆటయంత్రమున 5 వోల్టులు, కొద్ది మిల్లీ ఆంపియర్లు మాత్రమే. రవ్వ పుట్టదు, పొర తొలగదు. బంగారు పూతకు ఈ మాలిన్యము పట్టదు. కనుక అట్టిచోట 0.1 ఆంపియరు బంగారు స్విచ్చియే మేలు.

దానిని మిల్లులో పెట్టరాదా? మోటారు విద్యుత్తు ఈ స్విచ్చిగుండ పారదు. స్టార్టరులోని చుట్టకు పోవు విద్యుత్తే పారును. అయినను ఆ చుట్టను తెంచునపుడు పుట్టు రవ్వకు పలుచని పూత కాలిపోవును; బిందువులు అతుకుకొనవచ్చును. అతుకుకొన్న స్విచ్చి యంత్రమును ఆపజాలదు, ప్రమాదము తప్పదు.

పాఠశాలలో ఒక ప్రయోగము చేయవచ్చును, విద్యుత్తుతో పనిలేదు. స్విచ్చిపై చిన్న అట్ట నుంచి, తూనికరాళ్లను ఒక్కొక్కటిగా పేర్చి, టిక్కుమన్నపుడు బరువు వ్రాసికొనవలెను. పిమ్మట ఒక్కొక్కటే తీయుచు, మరల టిక్కుమన్నపుడు బరువు చూడవలెను. రెండవది మొదటిదానికంటె తక్కువగ నుండును. ఈ తేడా మితిమీరినచో వేలు ఎత్తినను స్విచ్చి ఆలస్యముగ విడును. ఇరువైపుల నుండు ఈ ఎడమే వణకు వ్రేలికి స్విచ్చి మాటిమాటికి మారకుండ కాపాడును.

పెద్ద అంకె గల స్విచ్చి గొప్పది కాదు; పనికి తగినదే గొప్పది. కొనుటకు ముందు దాని పక్కన ముద్రించిన వోల్టులను, ఆంపియర్లను చదువుట అలవాటు చేసికొనవలెను.